ఆ ఎరుపు నేను పూసింది కాదు

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. వేదికపైనున్న పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, నాకిచ్చిన ఇరవై నిమిషాలలో ఎనిమిది స్వాగతోపన్యాసానికే ఖర్చయినందువల్ల ఆ మర్యాదను వందన సమర్పణ చేసేవారికి వదిలేస్తున్నాను.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘ఖగోళ ఛాయాగ్రహణం: పరికరాలు’ అని అచ్చయింది. పరికరాల సంగతి దుకాణదారులు నాకంటే బాగా చెబుతారు. నేను మాత్రం పదేళ్ళుగా మనసులో నానుతున్న ఒక మాటకు జవాబు చెప్పుకోవడానికి వచ్చాను. ఒక ఛాయాచిత్ర ప్రదర్శనకు, మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలుండే వేటగాడి మండలంలోని నీహారిక చిత్రాన్ని పంపితే, న్యాయనిర్ణేతలలో ఒకరు దాన్ని అరనిమిషం చూసి, ‘రంగులు బాగానే పూశారు, కాని ఇది ఫొటోల విభాగమండీ’ అని పక్కన పెట్టారు. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు.

పూయలేదండీ. మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ హైడ్రోజన్ మేఘంలో ఈమధ్యనే పుట్టిన వేడి నక్షత్రాలు, తమ అతినీలలోహిత కాంతితో ఆ వాయువు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంటాయి. అవి తిరిగి పరమాణువులలో చేరి కుదురుకునేటప్పుడు వెలువడే కాంతిలో 656.3 నానోమీటర్ల ఎరుపు ఒకటి. మసక వెలుతురులో పనిచేసే మన కంటికణాలకు రంగుల తేడా తెలియదు గనుక టెలిస్కోపులోనూ అది బూడిదరంగు మరకే. మామూలు కెమెరాలో సెన్సారు ముందుండే వడపోత పలక కూడా ఈ ఎరుపును చాలావరకు అడ్డుకుంటుంది. నేను ఆ పలకను ఊడదీయించాను. ఈ సంగతి తెలిస్తే ఆయన ‘చూశారా మరి’ అనేవారేమో!

1880 సెప్టెంబరు 30న న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు 51 నిమిషాలపాటు, ఫొటో మందు పూసిన ప్లేటు మీద వెలుగు పడనిచ్చి, ఈ నీహారికనే తొలిసారి ఫొటో తీశాడు. 1883లో ఇంగ్లండులో ఆండ్రూ కామన్ తీసిన ప్లేటుపై, అదే టెలిస్కోపులో కంటికి ఆనని నక్షత్రాలు కూడా పడ్డాయి. వాటినెవరు పూశారని ఆ న్యాయనిర్ణేతను అడగాలి?

మళ్ళీ నా ఫొటో దగ్గరికే వస్తాను, క్షమించండి. అది రెండేసి నిమిషాల చొప్పున తీసిన తొంభై ఫొటోల కలయిక. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, కెమెరాను మోస్తూ చుక్కల వెంట తిప్పే యంత్రం అక్షం ధ్రువం వైపు గురి తప్పితే చుక్కలు గీతలవుతాయి. మన ప్రాంతంలో ధ్రువనక్షత్రం దిగంతానికి 17 డిగ్రీల ఎత్తున, ఏ వేపచెట్టు వెనుకో ఉంటుంది. ఆ గురి కుదరడానికే నాకు రెండు రాత్రులు పట్టింది. కంప్యూటర్లో వెలుగు పెంచుతాను, దాచను. నడుమనున్న నాలుగు నక్షత్రాల చోటు తెల్లగా మాడిపోకుండా అయిదేసి సెకండ్ల ఫొటోలు విడిగా తీసి కలుపుతాను. అణగి ఉన్న ఎరుపును పైకి తెస్తాను గాని, లేని ఎరుపును తెచ్చిపెట్టను.

ప్రిన్సిపాల్ గారూ, ఒక మనవి. ఈ ఫిబ్రవరి నెలాఖరున రాత్రి ఏడున్నరకు ఆ నీహారిక దాదాపు మన నెత్తి మీదే ఉంటుంది. మైదానంలోని ఆ పెద్ద స్తంభం దీపాలు ఒక్క గంట ఆర్పించండి. టెలిస్కోపు మేడమీద బిగించి వచ్చాను. పిల్లలూ, ఫోన్ల వెలుగు వేయకుండా మెట్లు జాగ్రత్తగా ఎక్కండి. పైన మీకు కనిపించేది బూడిదరంగే, ఎరుపేదండీ అని నన్నడగకండి.