ఎగ్ రోల్‌లో గుడ్డెంత, నూనెంత?

యాంకర్: నమస్కారం. ఈ వారం మన మాట ఎగ్ రోల్ గురించి. విజయవాడ స్టూడియోలో పోషకాహార నిపుణురాలు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ సత్యనారాయణపురం నుంచి. చెప్పండమ్మా... ముందు ఆ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: ఆఁ, తగ్గించానండీ. నమస్తే మేడం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. కాలేజీ నుంచి వస్తూ రోజూ బండి దగ్గర ఎగ్ రోల్ తినేసి వస్తాడు. రాత్రి అన్నం ముట్టడు. అడిగితే "గుడ్డేగా మమ్మీ, ప్రోటీన్" అంటాడు. నిజమేనా?

నిపుణురాలు: గుడ్డు వరకూ నిజమేనమ్మా. 50 గ్రాముల గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, 75 కేలరీల దాకా ఉంటాయి. మిగతాది లెక్కేద్దాం. పరోటాకి మైదా 50 గ్రాములంటే 175 కేలరీలు. పెనం మీద నూనె మూడు టీస్పూన్లే అనుకున్నా 125. ఉల్లిపాయలు, సాసులకి ఓ 30. అక్కడికి నాలుగొందలు దాటింది. పైన మయోనైజ్ ఒక పెద్ద చెంచాడు పిండితే ఇంకో 90, 100. ఇంతా తింటే, మైదాలోది కూడా కలిపి వచ్చే ప్రోటీన్ 11 గ్రాములు. రెండు ఉడకబెట్టిన గుడ్లు తింటే 150 కేలరీల్లోనే 12 గ్రాములు వచ్చేస్తుంది. అయిదొందల కేలరీలంటే ఒక పూట భోజనమే కదమ్మా, ఇక రాత్రికి ఆకలెక్కడ వేస్తుంది?

కాలర్: మాన్పించేయమంటారా?

నిపుణురాలు: ఆ వయసులో మాన్పించడం అయ్యే పని కాదులెండి. వారానికి రెండుసార్లు చాలనండి. తిన్న రోజు డబుల్ ఎగ్ వేయించుకోమనండి, మయోనైజ్ మాత్రం వద్దనమనండి. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్ మన బెజవాడ ఎండలో గంటలకొద్దీ బయట ఉంటే సాల్మొనెల్లా అనే, వాంతులూ విరేచనాలూ తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది. తెలంగాణలో 2024లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది ఇలాంటి భయంతోనే.

యాంకర్: గుంటూరు బ్రాడీపేట నుంచి ఇంకో కాల్. చెప్పండి.

కాలర్: మేడం, నేను ఇంట్లోనే చేస్తాను. షీట్లలో గుడ్డు పొరటు పెట్టి చుట్టి, నూనెలో వేయిస్తాను. కొన్ని విచ్చుకుపోతున్నాయి. మిగతావి పట్టుకుంటే చేతికి నూనె కారుతోంది.

నిపుణురాలు: కూరలో తడి ఉందండీ. పొరటులో క్యాబేజీ వేస్తున్నారా?

కాలర్: వేస్తానండి, ఉల్లిపాయలు కూడా.

నిపుణురాలు: ఉప్పు ముందే వేస్తే రెండూ నీరు వదులుతాయి. వేడి నూనెలో ఆ నీరు ఆవిరై అతుకుని తోసేస్తుంది. క్యాబేజీని తరిగి, గట్టిగా పిండి, పెద్ద మంట మీద వేయించండి. ఉప్పు దించే ముందు వేయండి. కూర పూర్తిగా చల్లారాకే చుట్టాలి. రెండు చెంచాల మైదాని నీళ్ళతో జారుగా కలిపి అంచు అతికించి, అతుకు కిందికి ఉండేలా నూనెలో వదలండి.

ఇక నూనె సంగతి. 170 నుంచి 180 డిగ్రీలుండాలి. చిన్న పిండి ముక్క వేస్తే అడుగుకి వెళ్ళి రెండు మూడు సెకన్లలో బుడగలతో పైకి రావాలి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు. వేసీ వేయగానే నల్లబడితే మంట తగ్గించాలి. బాండీ నిండా వేస్తే వేడి పడిపోతుంది, పైపొర గట్టిపడదు. అందుకని రెండు, మూడు చొప్పునే వేయండి.

ఎక్కువమందికి తెలియని విషయం ఒకటుంది. వేగుతున్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తోస్తుంటుంది కాబట్టి నూనె అంతగా లోపలికి పోలేదు. బయటికి తీశాక, చల్లారేటప్పుడు ఆ ఆవిరి తగ్గి, పైన అంటుకున్న నూనెని లోపలికి లాక్కుంటుంది. తీసిన మొదటి నిమిషమే ముఖ్యం. చిల్లుల గరిటెలో దులిపి, వెంటనే టిష్యూతో అద్ది, జల్లెడలో నిలబెట్టండి. బేసిన్‌లో ఒకదాని మీద ఒకటి పోయకండి.

కాలర్: ఎంత నూనె పీల్చిందో తెలిసేదెట్లా?

నిపుణురాలు: కొలిచి పోయండి, చల్లారాక మళ్ళీ కొలవండి. అర లీటరు పోస్తే 410 మి.లీ. మిగిలిందనుకోండి, పది రోల్స్ చేశారనుకోండి, ఒక్కోదానికి 9 మి.లీ., అంటే 75 కేలరీలు. ఒక్క నూనెకే ఇంకో గుడ్డు తిన్నంత.

యాంకర్: భవానీపురం నుంచి పెద్దాయన లైన్లో ఉన్నారు.

కాలర్: నాకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయమ్మా. పచ్చసొన తీసేసి, గోధుమపిండితో చేయించుకుంటే తినొచ్చా?

నిపుణురాలు: గోధుమపిండితో పీచు కాస్త పెరుగుతుంది గానీ, పిండిపదార్థం దాదాపు మైదాలో ఉన్నంతే ఉంటుంది బాబాయ్ గారూ. పచ్చసొనలో 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే, కానీ ఎ, డి, బి12 విటమిన్లు ఉండేదీ అందులోనే. గుండె జబ్బుగానీ, ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఎక్కువగానీ ఉంటే మీ డాక్టరుగారు చెప్పినట్టు చేయండి. లేకపోతే రోజుకొక గుడ్డు పూర్తిగా తినొచ్చు. మీకు అసలు గండం సాసులతో. ఒక్క టీస్పూను సోయా సాస్‌లో 300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజంతటికీ 2000 దాటకూడదు. మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, మీకు రోల్ కంటే గుడ్డు పెసరట్టు నయం. 40 గ్రాముల పెసలు నానబోసి రుబ్బి అట్టు పోసి, మీద గుడ్డు పగలగొట్టి పరచండి. గుడ్డు గట్టిపడేదాకా కాల్చి చుట్టేయండి. ప్రోటీన్ 15 గ్రాములు. సాస్ బదులు ఉల్లిపాయ, నిమ్మకాయ, చిటికెడు కారం.

యాంకర్: చివరి కాల్, గుంటూరు లక్ష్మీపురం నుంచి.

కాలర్: నాకు బండి ఉంది మేడం. సాయంత్రం మిగిలిన నూనెలో మర్నాడు కొత్త నూనె కలిపేస్తున్నాను. ఫర్వాలేదా?

నిపుణురాలు: వద్దు బాబూ. పాత నూనెలో విరిగిన పదార్థాలు కొత్తదాన్నీ త్వరగా పాడుచేస్తాయి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె కాగి విరిగినప్పుడు పుట్టే ఆ పదార్థాలు, 25 శాతం దాటకూడదు, 2018 జులై నుంచి ఇది అమల్లో ఉంది. కొలిచే మీటరు లేకపోతే కంటితో చూడండి: నురగ కట్టినా, చిక్కబడినా, మామూలు మంటకే పొగలేచినా పారబోయాల్సిందే. గంటకోసారి మాడిన తునకలు వడకట్టండి, ఎక్కువసేపు వస్తుంది. ఇంకొకటి, రోల్స్ న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇవ్వకండి. ఆ సిరా వేడి నూనెకి కరిగి నేరుగా తినేవాళ్ళ నోట్లోకి పోతుంది. బటర్ పేపర్ వాడండి.