ఏఫిబ్ మళ్ళీ వస్తుందా అని అడిగే ముందు గురక సంగతి చెప్పండి

అందరికీ నమస్కారమండీ. శాలువా వద్దన్నా కప్పారు, ఈ హైదరాబాద్ ఎండల్లో అది ఏం చేసుకోవాలో మీరే చెప్పాలి. ప్రొజెక్టర్ ఎలాగూ మొరాయించింది కాబట్టి స్లైడ్లు లేకుండానే మాట్లాడతా.

టాపిక్ ఏంటంటే, ఏఫిబ్‌కి, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బుకి, అబ్లేషన్ (గుండె లోపలికి సన్నటి గొట్టం పంపి, గొడవ పెట్టే చోట్లని మాడ్చేయడం) చేయించుకున్నాక అది తిరిగొస్తుందా లేదా ముందే చెప్పగలమా అని. దీనికి స్కోర్లు బోలెడున్నాయి. యాపిల్ అని ఒకటి, వయసు 65 దాటిందా, ఏఫిబ్ తనంతట తాను తగ్గకుండా పట్టుకునే ఉందా, కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువా, గుండె ఎడమ పై గది 43 మిల్లీమీటర్లో ఆ పైనో ఉందా, పంపింగ్ 50 శాతం కన్నా తగ్గిందా, ఒక్కోదానికి ఒక్కో పాయింటు, పాయింట్లు పెరిగేకొద్దీ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. పనికొస్తుంది, కాదనను, కానీ మీ ఒక్కరి సంగతి కచ్చితంగా చెప్పేంత బలం దానికి లేదు.

మొన్న వనస్థలిపురం నుంచి ఒకాయన వచ్చారు, రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, స్కోరు మొత్తం ఎక్సెల్‌లో వేసుకుని మరీ. "ఒక్క పాయింటే డాక్టరుగారూ, ఇంక రాదు కదా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే పక్కన ఆవిడ, "సార్, ఈయన రాత్రిళ్ళు గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆపేస్తారు, మోచేత్తో పొడిస్తే గానీ తీసుకోరు" అన్నారు. ఆయన "అదిప్పుడు ఇక్కడెందుకే!" అని కసిరారు. స్లీప్ టెస్ట్ చేయిస్తే ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అదీ సివియర్. ఫైలు ఇంత లావుంది, ఎకో ఉంది, ఎమ్మారై ఉంది, అంతకుముందు చూసిన వాళ్ళెవరూ ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు! నా బాధంతా అదే. ఆప్నియా ఉండి ట్రీట్‌మెంట్ తీసుకోని వాళ్ళకి ఏఫిబ్ తిరగబెట్టడం ఎక్కువని స్టడీలు ఎప్పట్నుంచో చెప్తున్నాయి.

ఇక్కడ గురక పెట్టేవాళ్ళు ఎంతమంది, చేతులెత్తండి. ఒక్కరూ లేరా? సరే, అమ్మా, మీరు చెప్పండి ఇంట్లో ఎవరు పెడతారో... చూశారా, హాలు సగం లేచింది.

బరువు కూడా అంతే. ఆస్ట్రేలియాలో ఆడిలైడ్ వాళ్ళు 2015లో లెగసీ స్టడీలో చూపించారు, పది శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గిన వాళ్ళకి ఏఫిబ్ లేకుండా ఉండే అవకాశం ఆరు రెట్లు. తగ్గి, పెళ్ళిళ్ళ సీజన్లో మళ్ళీ పెరిగి, మళ్ళీ తగ్గితే మాత్రం ఆ లాభం కొంత పోతుంది. మందు తాగడం సంగతి వేరే చెప్పాలా.

ఇంకోటి. స్టడీల్లో 30 సెకన్లు ఏఫిబ్ రికార్డయినా తిరిగొచ్చినట్టే లెక్క. సర్కా డోస్ అనే స్టడీలో ఛాతీలో రికార్డర్ పెట్టి చూస్తే, ఏడాదిలో దాదాపు సగం మందికి ఏదో ఒక రిథమ్ గొడవ కనపడింది, కానీ ఏఫిబ్‌లో గడిపే టైము 98 శాతానికి పైగా తగ్గింది. కాబట్టి చేతికున్న స్మార్ట్ వాచీ ఒకసారి కూయగానే అబ్లేషన్ ఫెయిలైందని అర్ధరాత్రి నాకు ఫోన్ చెయ్యకండి. మొదటి రెండు మూడు నెలల్లో వచ్చేదాన్ని మేమూ ఫెయిల్ అని రాయం, గుండె లోపల పుండు మానే టైమది.

దడ తగ్గింది కదా అని రక్తం పలుచన మాత్రలు మాత్రం మీకు మీరే ఆపొద్దు, దండం పెడతా. మొదటి రెండు మూడు నెలలు అందరూ వాడాల్సిందే, ఆ తర్వాత ఆపాలా వద్దా అనేది రిథమ్ చూసి కాదు, మీ వయసు, బీపీ, షుగరు, ఇదివరకు పక్షవాతం వచ్చిందా, ఇవన్నీ చూసి మీ డాక్టరు తేల్చాలి. ఆ, వెనక లైన్లో అమ్మ చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.