బూడిద కలిపిన కాంక్రీటు: క్యూబు చెప్పని సంగతులు

అందరికీ నమస్కారం.

సివిల్ చదువుతున్న పిల్లలు, సైట్లు చూసుకునే ఇంజనీర్లు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు అందరూ వచ్చారని నిర్వాహకులు చెప్పారు. అందుకే సమీకరణాల జోలికి పోకుండా మాట్లాడతాను. కాంక్రీటులో సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు బూడిద వేస్తున్నామంటే చాలామంది మొదట అడిగేది ఒక్కటే: ఇది కల్తీ కాదా? కాదు. అలాగని ఆ అనుమానం ఊరికే పుట్టిందీ కాదు. బూడిద వేసి, దానికి కావలసినవి ఇవ్వకపోతే కల్తీ చేసినంత నష్టమూ జరుగుతుంది. ఆ కావలసినవేమిటో చెప్పడానికే వచ్చాను.

ముందు సిమెంటు సంగతి చూద్దాం. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే క్లింకర్ వస్తుంది. దానికి కొద్దిగా జిప్సం చేర్చి పొడి చేస్తే సిమెంటు. బట్టీకి ఇంధనం కావాలి, దానికి పొగ ఉంటుంది, అది తెలిసిందే. అంతకన్నా పెద్ద చిక్కు రాయిలోనే ఉంది. సున్నపురాయి కాలితే అందులోని కార్బన్ డయాక్సైడ్ విడిపోయి గాల్లో కలుస్తుంది. సిమెంటు తయారీలో వెలువడే మొత్తంలో సగానికి పైగా ఇలా రాయి నుంచి వచ్చేదే. బట్టీకి ఎంత శుభ్రమైన ఇంధనం వాడినా ఆ భాగం తగ్గదు. ప్రపంచం ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారుచేస్తోంది. మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం దీని వాటా. తగ్గించాలంటే క్లింకర్‌నే తగ్గించాలి.

ఇప్పుడు సిమెంటుకు నీళ్లు తగిలాక ఏం జరుగుతుందో చూడండి. ముఖ్యంగా రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్. ఇసుకనీ కంకరనీ పట్టి ఉంచే జిగురు ఇదే, బలమంతా దీనిదే. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే నీరు పట్టిన సున్నం. గట్టిపడిన సిమెంటు ముద్దలో ఇది ఐదో వంతు దాకా ఉంటుంది. బలానికి పెద్దగా ఉపయోగపడదు. నీరు ఊరే చోట మెల్లగా కరిగి బయటికొచ్చేస్తుంది. లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడే క్షారగుణానికి మాత్రం ఇది నిల్వలాంటిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

బూడిద పని ఇక్కడ మొదలవుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రంలో పొడి చేసిన బొగ్గు మండినప్పుడు, అందులోని మట్టి కరిగి, పొగతోపాటు పైకి లేచి, గాల్లో ఉండగానే చల్లారిపోతుంది. స్ఫటికాలు కట్టేంత వ్యవధి దొరకదు కాబట్టి గాజులా మిగిలిపోతుంది. దీన్నే ఫ్లై యాష్ అంటారు. సూక్ష్మదర్శినిలో చూస్తే నున్నటి గోళీలు పోసినట్టు ఉంటుంది. ఆ గాజులోని సిలికా, అల్యూమినా మనం ఇందాక చెప్పుకున్న సున్నంతో కలిసి మరికొంత జిగురును తయారుచేస్తాయి. బలానికి పనికిరాని సున్నం బలమిచ్చే పదార్థంగా మారి, లోపలి రంధ్రాలను పూడుస్తుంది. రోమన్లు పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపింది ఈ గుణం కోసమే. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పున, ఇనుప చువ్వ ఒక్కటీ లేకుండా, సుమారు 1900 ఏళ్లుగా నిలబడి ఉంది.

బొగ్గు బూడిద విషయానికొస్తే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్. ఇ. డేవిస్ బృందం 1937లో పరిశోధన ప్రచురించాక ఇంజనీర్లు దీన్ని గట్టిగా పట్టించుకున్నారు. అమెరికాలోని మోంటానాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ ఆనకట్టలో లక్ష టన్నులకు పైగా ఫ్లై యాష్ వాడారు. అంత మందమైన కాంక్రీటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక, లోపల కాగుతూ పైన చల్లారుతూ పగుళ్లు తెస్తుంది. బూడిద నిదానంగా పనిచేస్తుంది కాబట్టి ఆ వేడి తగ్గుతుంది.

ఆనకట్టకు మేలు చేసిన ఆ నిదానమే మామూలు భవనాల్లో ఇబ్బంది పెడుతుంది. సిమెంటు నుంచి సున్నం పుట్టాక గానీ బూడిదకు పని దొరకదు. సిమెంటులో 30 శాతం తీసి ఫ్లై యాష్ వేశారనుకోండి. 7 రోజుల క్యూబ్ టెస్టులో, అంటే అదే కాంక్రీటుతో పోసిన చిన్న ఘనాన్ని యంత్రంలో నొక్కి విరగ్గొట్టి చూసే పరీక్షలో, బలం తక్కువే చూపిస్తుంది. 28 రోజులకు కాస్త వెనకగా ఉండొచ్చు. 56, 90 రోజులకు మంచి బూడిదైతే మామూలు కాంక్రీటును అందుకుంటుంది, చాలాసార్లు దాటిపోతుంది. అయితే ఆ రోజుల్లో లోపల తేమ ఆరిపోకూడదు.

సైటులో జరిగేదేమిటి? స్తంభానికి గోనెపట్టా చుట్టి, పొద్దున ఒకసారి పైపుతో తడిపి వెళ్లిపోతారు. మధ్యాహ్నానికి అది పెళపెళలాడుతుంది. దాని మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లుండరు. ఎండిన గోనె తేమను కాపాడకపోగా కాంక్రీటులోని తడినే పీల్చుకుంటుంది. ముందుగా ఆరిపోయేది బయటి రెండు మూడు సెంటీమీటర్లు. ఇనుముకు కవరింగ్ ఇచ్చేది కూడా ఆ పొరే. అక్కడ బూడిద పని సగంలో ఆగితే రంధ్రాలు పూడవు, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగుతుంది. సున్నం నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి క్షారగుణం త్వరగా పోతుంది, చువ్వకు తుప్పు మొదలవుతుంది. ఇదంతా క్యూబ్ టెస్టులో కనిపించదు. ఎందుకంటే క్యూబు 28 రోజులూ నీళ్ల తొట్టెలో హాయిగా ఉంటుంది, స్తంభం ఎండలో ఉంటుంది. రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. బూడిద కలిపిన కాంక్రీటుకు 10 రోజులకు తగ్గకుండా క్యూరింగ్ చేయండి, అంటే తడి ఆరకుండా చూడండి, ఎండ ముదిరితే 14 రోజులు చేయండి. సెంట్రింగ్ విప్పే తేదీని పాత అలవాటు ప్రకారం కాకుండా వచ్చిన బలాన్ని బట్టి పెట్టుకోండి.

సరిగ్గా తడిపితే దక్కే లాభం పెద్దది. ఉప్పుగాలి తగిలే చోట క్లోరైడ్లు లోపలికి దిగడం బాగా తగ్గుతుంది. కంకరలోని సిలికాకూ సిమెంటులోని క్షారానికీ పడక కాంక్రీటు ఉబ్బి పగిలే జబ్బును కాల్షియం తక్కువున్న ఫ్లై యాష్ చాలావరకు ఆపుతుంది.

ఇక ఏ బూడిద పడితే అది పనికిరాదు. ఫ్లై యాష్‌లో చూడాల్సింది మెత్తదనం, కాలకుండా మిగిలిన కార్బన్. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ 618 ప్రకారం 45 మైక్రాన్ల జల్లెడ మీద 34 శాతానికి మించి మిగలకూడదు. బూడిదను మళ్లీ కాల్చినప్పుడు తగ్గే బరువు 6 శాతం దాటకూడదు. కార్బన్ ఎక్కువైతే అది గాలిబుడగల కోసం వేసే రసాయనాన్ని తాగేస్తుంది. బాయిలర్ అడుగున పడే ముద్ద బూడిదకు ఈ గుణాలు చాలా తక్కువ.

ధాన్యపు ఊక బూడిద అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. సరిగ్గా కాలిస్తే అందులో 85 నుంచి 95 శాతం సిలికాయే. 1970లలో కాంక్రీటు పరిశోధకుడు పి. కుమార్ మెహతా దీని మీద విస్తృతంగా పనిచేశారు. వేడి సుమారు 700 డిగ్రీల లోపు ఉంటే సిలికా చురుగ్గా ఉంటుంది. అది దాటి ఎక్కువసేపు కాలితే స్ఫటికంగా మారి నిద్రపోతుంది. తెల్లగా కాలింది కదా అని మంచిదనుకోకూడదు. పైగా ఈ రేణువుల నిండా రంధ్రాలే, నీళ్లు బాగా తాగుతాయి. కాబట్టి 10, 15 శాతానికి మించకుండా, సూపర్‌ప్లాస్టిసైజర్‌తో, అంటే నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే రసాయనంతో, వాడడం మంచిది.

చెత్త తగలబెట్టగా వచ్చిన బూడిదను మాత్రం నేరుగా కలపకండి. అందులో అల్యూమినియం ముక్కలుంటాయి. సిమెంటు క్షారం తగలగానే హైడ్రోజన్ పుట్టి కాంక్రీటు ఉబ్బుతుంది. జింకు గట్టిపడడాన్ని ఆలస్యం చేస్తుంది, క్లోరైడ్లు ఇనుమును తింటాయి. శుద్ధి చేసి, పరీక్షించాకే దాని మాట.

బొగ్గు కేంద్రాలు మూతపడితే బూడిద ఎక్కణ్నుంచి వస్తుందని కొందరు అడుగుతున్నారు. దశాబ్దాలుగా చెరువుల్లో పోసినది చాలా ఉంది. 2008 డిసెంబరులో అమెరికాలోని టెనెసీలో, కింగ్‌స్టన్ దగ్గర అలాంటి చెరువు గట్టు తెగి 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా బూడిద బురద ఊళ్ల మీదా నది మీదా పడింది. అలాంటి నిల్వల్ని తవ్వి, ఆరబెట్టి, మెత్తగా చేసి వాడుకోవచ్చు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను సగానికి తగ్గించే సిమెంటు కూడా వచ్చింది.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక్క జాగ్రత్త. బస్తా మీద పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంట్ అని ఉంటే అందులో ఫ్యాక్టరీలోనే బూడిదలాంటి పదార్థం కలిపేశారు. దానికి సైటులో ఇంకొంత బూడిద చేరిస్తే మొత్తం వాటా ఎంతైందో ఎవరికీ తెలియదు. ఎవరైనా అలా కలుపుతామంటే, మిక్స్ డిజైన్ కాగితం, అంటే ఏది ఎంత పాళ్లలో కలపాలో లెక్కగట్టిన కాగితం, చూపించమని అడగండి. లేదంటే వద్దనండి.