నాన్న కోసం అలాస్కా ఎలుగుబంటి, ఉప్పలపాడులో ప్రాక్టీస్

హాయ్ అండీ, ఎలా ఉన్నారందరూ? ఈ వీడియో సియాటిల్ నుంచి కాదు, గుంటూరు బ్రాడీపేటలో అమ్మావాళ్లింటి నుంచి. వెనకాల వినపడే మిక్సీ చప్పుడు అమ్మ చేస్తున్న కొబ్బరి పచ్చడిది. ఆగస్టులో అమ్మానాన్నలని అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్తున్నాను. ఓడ కంటే ముందు ఎలుగుబంటి గురించి చెప్పాలి, ఎందుకంటే ప్లాన్ అంతా దాని కోసమే.

నాన్న చిన్నప్పుడు వీధుల్లోకి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారట. పిల్లలకి భయం పోతుందని దాని మీద కూర్చోబెట్టేవారు, దాని వెంట్రుకలు తాయెత్తులో పెట్టి కట్టేవారు. ఆరేళ్ల వయసులో నాన్నని మా నాయనమ్మ అలాగే కూర్చోబెట్టిందట. దాని ముక్కులోంచి తాడు పోయి ఉంది. లాగినప్పుడల్లా అది మూలిగింది. అరవై ఏళ్లు దాటినా ఆ మూలుగు నాన్న మర్చిపోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ ఆట ఇప్పుడు మన వీధుల్లో లేదు. "తాడు లేని ఎలుగుబంటిని ఒక్కసారి చూడాలమ్మా" అని నాన్న పోయిన సంక్రాంతికి అన్నారు. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస.

నేను ఒకసారి మే నెలలో వెళ్లాను. టికెట్ చవకగా దొరికిందని బుక్ చేశాను. మంచు కొండలు, తిమింగలాలు కనిపించాయి కానీ వాగుల దగ్గర ఎలుగుబంటి జాడ లేదు. కారణం తర్వాత తెలిసింది. సాల్మన్ చేపలు సముద్రం నుంచి వాగుల్లోకి ఎదురీదడం అక్కడ జులైలో ఊపందుకుంటుంది, ఆగస్టంతా జోరుగా ఉంటుంది. వరద గోదారిలోకి పులస ఎక్కే రోజులు కూడా అవే కదా! గుడ్లు పెట్టాక పసిఫిక్ సాల్మన్ చచ్చిపోతుంది. ఎలుగుబంట్లు దాన్ని అడవిలోకి లాక్కెళ్లి సగం తిని వదిలేస్తాయి, ఆ మిగిలింది చెట్లకి ఎరువు. అందుకే ముందు చేపల క్యాలెండర్ చూశాను, ఆ తర్వాతే ఓడల రేట్లు చూశాను. ఆగస్టు మొదటి వారం ఖాయం చేశాం.

ఇంకో సంగతి. ఓడ డెక్ మీద నిలబడితే ఎలుగుబంటి కనపడుతుందని నమ్ముకోకండి. ఓడ ఏ ఊళ్లో ఆగుతుంది, అక్కడ దిగి ఎక్కడికి వెళ్తాం అన్నదే అసలు విషయం. అలాస్కాలో ర్యాంగెల్ అనే ఊరి దగ్గర అనాన్ వాగు ఉంది, నల్ల ఎలుగుబంటి, గోధుమ రంగు ఎలుగుబంటి రెండూ ఒకే చోటికి వస్తాయి. కానీ జులై 5 నుంచి ఆగస్టు 25 వరకు పర్మిట్ కావాలి, పైగా అడవిలో మెట్లదారి నడవాలి. అమ్మ మోకాళ్లకి కష్టం. అందుకని ఓడ ఆగే ఇంకో ఊరు, కెచికాన్ దగ్గర హెర్రింగ్ కోవ్ అనే చోటు ఎంచుకున్నాం. పోర్టు నుంచి బస్సు ఉంది, చెక్క దారి మీద నెమ్మదిగా నడవచ్చు. హూనా అనే ఊరు కూడా మా రూట్‌లో ఉంది. అది చిచగాఫ్ దీవిలో ఉంది, అక్కడ ఉండేవన్నీ గోధుమ రంగు ఎలుగులే.

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగినా మన పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలండీ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. విదేశీ జెండా ఉన్న ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ, ఇలా వెళ్లొస్తే మధ్యలో ఒక వేరే దేశం పోర్టులో ఆగాలని 1886 నాటి అమెరికా చట్టం. అందుకే కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. అమెరికా వీసా కూడా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. నాకు టెన్షన్ పెట్టిన పని ఇదొక్కటే, ఇంకా నడుస్తోంది.

ఇక ఫొటోల ప్రాక్టీస్. నిన్న తెల్లారకముందే గుంటూరు దగ్గర పక్షుల చెరువున్న ఉప్పలపాడు వెళ్లాం. చెరువులో చెట్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి, పెయింటెడ్ స్టార్క్ కొంగలు పుల్లలు మోసుకొస్తున్నాయి. నాన్నకి దూరంగా ఉన్నవి దగ్గరగా చూపించే 100-400 జూమ్ లెన్స్ ఇచ్చాను. మొదటి ఫొటోల్లో తెల్ల గూడబాతు బూడిద రంగులో వచ్చింది. తెలుపు ఎక్కువైతే కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించేస్తుంది, మనం ఎక్స్‌పోజర్ (వెలుతురు) సెట్టింగ్‌ని ప్లస్ వైపు తిప్పాలి. నల్ల ఎలుగుబంటికి సరిగ్గా రివర్స్, మైనస్ వైపు తిప్పకపోతే బొచ్చు వెలిసిపోయినట్టు వస్తుంది. ఎగిరే కొంగకి షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు (1/1000) పెట్టమన్నాను. నీళ్లలోంచి ఎగిరే సాల్మన్‌కీ అదే స్పీడ్ పనికొస్తుంది. అక్కడి అడవిలో వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్‌ఓని, అంటే కెమెరా వెలుతురుని పట్టే సెట్టింగ్‌ని, 3200కి పెంచడానికి భయపడొద్దని కూడా చెప్పాను. ఎగిరే కొంగల ఫొటోల్లో ఆరోదానికి కొంగ కన్ను స్పష్టంగా వచ్చింది. నాన్న దాన్ని జూమ్ చేసి ఎంతసేపు చూశారో!

కెచికాన్‌లో ఏడాదికి దాదాపు 380 సెంటీమీటర్ల వాన పడుతుంది, గుంటూరుకి నాలుగింతలు. అందుకని అమ్మ చీరల షాపు కవరు కత్తిరించి కెమెరాకి తొడుగు కుట్టింది. దారిలో తినడానికి చెగోడీలు కడతానంది కానీ, ఎలుగుబంట్లు తిరిగే చోటికి తిండి తీసుకెళ్లకూడదని ఒప్పించాను.

రాత్రి నాన్న నన్ను ఒకటే అడిగారు, ఎలుగుబంటికి ఎంత దూరంలో ఉంటామని. గైడ్ చెప్పినంత దూరంలో, దాని దారికి అడ్డం రాకుండా అన్నాను.

"అయితే సరే తల్లీ, ఈసారి దాన్ని ముట్టుకోను" అన్నారు.