అబద్ధమాడినా అతికినట్టుండాలి: జరగని చరిత్రకు రంగులు వేసే పని

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఫైటర్ జెట్ మోడళ్లు కట్టేవాళ్లే కాబట్టి జిగురు గురించీ పుట్టీ గురించీ మొదటి నుంచి చెప్పను. నేను మాట్లాడాలనుకున్నది మనలో కొందరే చేసే పని గురించి. ఒక దేశం ఎప్పుడూ నడపని విమానం కిట్ తీసుకుని, దానికి ఆ దేశం గుర్తులు వేయడం. వాట్-ఇఫ్ మోడల్ అంటాం. రిఫరెన్స్ ఫొటోలు వెతకడం బద్ధకమైనవాళ్లు చేసే పని ఇదని చాలామంది అనుకుంటారు, ఏ రంగు వేసినా తప్పు పట్టేవాడు ఉండడు కదా అని. నేను దానికి పూర్తిగా ఎదురు మాట చెప్పడానికే వచ్చాను. చూసి వేయడానికి ఫొటో లేదు కాబట్టే ఇందులో చదవాల్సింది ఎక్కువ. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారే, ఆ అతకడం కోసం పడే కష్టమే ఈ పనిలో నాకు బాగా నచ్చేది.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 1980ల చివర్లో పాకిస్తాన్ అమెరికా దగ్గర మరికొన్ని ఎఫ్-16లకు ఆర్డరిచ్చింది. 1990లో అణు కార్యక్రమం కారణంగా ప్రెస్లర్ సవరణ అనే చట్టం కింద అమెరికా సాయం, ఆయుధాల సరఫరా ఆగిపోయాయి, అప్పటికే తయారైన 28 విమానాలు అరిజోనా ఎడారిలో డేవిస్-మోంథన్ స్థావరంలో ఏళ్ల తరబడి ఉండిపోయాయి. 1998 చివర్లో న్యూజిలాండ్ ప్రభుత్వం ఆ 28 విమానాలనూ లీజుకు తీసుకుంటామని ప్రకటించింది. తర్వాత ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, హెలెన్ క్లార్క్ ప్రభుత్వం 2000లో ఆ ఒప్పందాన్ని రద్దు చేసి, 2001లో దేశపు ఫైటర్ విభాగాన్నే మూసేసింది. ఆ విమానాలు చివరికి అమెరికా నేవీకీ వైమానిక దళానికీ వెళ్లాయి, నేవీ దగ్గరవి శిక్షణలో శత్రు విమానాల పాత్ర వేశాయి, ఆ తర్వాత కొన్ని మళ్లీ పాకిస్తాన్‌కే చేరాయి. అంటే మూడు దేశాల గుర్తులు ఈ విమానాల మీదకి వచ్చేదాకా వచ్చి ఆగాయి, లేదా ఆలస్యంగా వచ్చాయి. ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

సరే, న్యూజిలాండ్ ఎఫ్-16 కడదాం. డెకాల్ షీట్ (మోడల్ మీద అతికించే బొమ్మల కాగితం) మీద కివీ పక్షి రౌండెల్, అంటే దేశపు గుండ్రటి గుర్తు, ఉంది కదా, అతికించేస్తే అయిపోతుందా? కాదు. ముందు కిట్. ఎడారిలో ఉన్నవి బ్లాక్ 15 (బ్లాక్ అంటే తయారీ విడత) ఎఫ్-16ఏ, బి రకాలు. బ్లాక్ 50 కిట్ తీస్తే గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ నోరు పెద్దదిగా ఉంటుంది, అది జనరల్ ఎలక్ట్రిక్ ఇంజిన్ కోసం పెట్టిన నోరు, ఈ విమానాలకు ఉండదు. మొదటి అడుగులోనే అబద్ధం బయటపడిపోతుంది. ఆ తర్వాత ఆయుధాలు. న్యూజిలాండ్ దగ్గర అప్పటికి ఉన్న స్కైహాక్ ఫైటర్లకు కాహు అనే ఆధునికీకరణ ప్రాజెక్టు కింద ఎఫ్-16 రాడార్ కుటుంబానికే చెందిన ఏపీజీ-66 అమర్చారు, సైడ్‌వైండర్, మావెరిక్ మిసైళ్లు వాళ్ల దగ్గర అప్పటికే ఉన్నాయి. కాబట్టి రెక్కల కింద అవే వేలాడాలి. కిట్ డబ్బాలో వచ్చింది కదా అని అమ్రామ్ తగిలిస్తే, ఆ మిసైల్ ఎప్పుడు కొన్నారు, ఎవరు డబ్బిచ్చారు అన్న ప్రశ్నకు మీరు సమాధానం చెప్పాలి.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు ఇంధనం దగ్గర ఉంది. స్కైహాక్‌కు ముక్కు దగ్గర పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది, ఒక స్కైహాక్ వెనక ఇంకో స్కైహాక్ ఎగురుతూ ఆ గొట్టంతో ఇంధనం అందుకుంటుంది. ఎఫ్-16కు ఆ గొట్టం లేదు, దాని వీపు మీద ఒక రంధ్రం ఉంటుంది, పైన ఎగిరే ట్యాంకర్ విమానం పొడవాటి బూమ్ దించి అందులో పెట్టాలి. న్యూజిలాండ్ దగ్గర అలాంటి ట్యాంకర్ లేదు. మరి వాళ్ల స్కైహాక్ స్క్వాడ్రన్లలో ఒకటి ఉండేది ఆస్ట్రేలియాలోని నౌరాలో, మధ్యలో 2,000 కిలోమీటర్లకు పైగా టాస్మన్ సముద్రం. అంటే మన ఊహా ఎఫ్-16 రెక్కల కింద రెండు పెద్ద 370 గ్యాలన్ల డ్రాప్ ట్యాంకులు దాదాపు ఎప్పుడూ ఉండాల్సిందే, బహుశా పొట్ట కింద ఇంకొకటి కూడా. ఈ చిన్న సంగతి తెలిసినవాడు ఆ మోడల్ చూసి ఆగిపోతాడు. తెలియనివాడికి కూడా, ఎందుకో చెప్పలేకపోయినా, ఈ విమానం నిజంగా ఎక్కడో పనిచేసిందనిపిస్తుంది.

రంగు విషయానికొస్తే, కివీ స్కైహాక్‌లు చివరి రోజుల్లో మొత్తం ముదురు ఆకుపచ్చలో తిరిగాయి. మన ఎఫ్-16 ఫ్యాక్టరీ గ్రేలోనే ఉండాలా, వచ్చిన ఏడాదికే ఆకుపచ్చ పూసేస్తారా? రెండూ ఒప్పుకోదగ్గవే, నేనైతే గ్రే వైపే ఉంటాను, ఎందుకంటే లీజు విమానానికి వెంటనే కొత్త పెయింట్ వేయించే ప్రభుత్వం అరుదు. సీరియల్ నంబరు ఎన్‌జెడ్ అక్షరాలతో మొదలై నాలుగంకెలు ఉండాలి, స్కైహాక్‌లకు వాడిన 62 వరుసను మళ్లీ వాడకూడదు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక్కచోట మాత్రమే చరిత్రను మార్చండి. ఒక ఎన్నిక, ఒక రద్దు, ఒక సంతకం. ఆ తర్వాత జరిగేవన్నీ ఆ మార్పు నుంచి నిజాయితీగా రావాలి, మీ ఇష్టం నుంచి కాదు. పోటీల్లో నన్ను నిరాశపరిచేవి సాధారణంగా రెక్క కింద ఆయుధాలు తగిలించే ప్రతి పైలాన్‌కీ ఏదో ఒకటి వేలాడేసి, తోక మీద పుర్రె గుర్తు, ముక్కు మీద షార్కు పళ్లు, పక్కన ఎప్పుడో జరిగిన యుద్ధపు విజయ గుర్తులు అన్నీ కలిపి పెట్టిన మోడళ్లే. పనితనం అద్భుతంగా ఉంటుంది, సీమ్, అంటే అతుకు గీత, ఒక్కటి కనిపించదు, కానీ విమానానికి ఒక ఊరూ ఒక యజమానీ ఉన్నట్టనిపించదు.

ఒప్పందాలూ చట్టాలూ కూడా చదవాలి, ఇది చాలామంది వదిలేసే చోటు. 1955 నాటి ఒప్పందం ఆస్ట్రియాకు గైడెడ్ మిసైళ్లు ఉండకూడదంది, అందుకే వాళ్లు స్వీడన్ నుంచి తెచ్చుకున్న డ్రాకెన్ ఫైటర్లు 1990ల మొదటి దాకా గన్‌లతోనే ఎగిరాయి. 1975 నాటి ఊహా ఆస్ట్రియా ఫాంటమ్ ఫైటర్ కడితే దాని కింద స్పారో మిసైళ్లు పెట్టడానికి వీల్లేదు. ఫిన్లాండ్‌కు 1947 పారిస్ ఒప్పందం 60 యుద్ధ విమానాలకు మించి ఉండకూడదంది, అక్కడి విమానం మీద 90 అనే నంబరు వేసేటప్పుడు ఒకసారి ఆగి ఆలోచించాలి. వాతావరణం కూడా అంతే. నార్వే ఎఫ్-16లకు మంచు రన్‌వేల మీద ఆగడానికి తోక మొదట్లో పారాచూట్ పెట్టే పొడుగు డబ్బా ఉండేది. అలాంటి చలిదేశానికి ఎఫ్-16 కొనిపెడుతున్నారంటే ఆ డబ్బా కూడా కొనిపెట్టండి. కెనడా 1977లో మొదలుపెట్టిన ఫైటర్ పోటీలో ఎఫ్-14, ఎఫ్-15, ఎఫ్-16 అన్నీ ఉన్నాయి, 1980లో ఎఫ్-18 గెలిచింది, దానికి వాళ్లు ముక్కు ఎడమ పక్కన రాత్రిపూట ఎదుటి విమానాన్ని గుర్తుపట్టడానికి లైటు పెట్టారు, శత్రువు తికమకపడేలా పొట్ట కింద దొంగ కాక్‌పిట్ బొమ్మ వేశారు. అందుకని కెనడా ఎఫ్-15 కట్టేవాళ్లకు మాపుల్ ఆకు ఒక్కటే సరిపోదు, ఆ లైటూ ఆ దొంగ కాక్‌పిట్టూ కూడా కావాలి.

"ఇదంతా జరిగే పనేనా" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు నేను జర్మనీ మిగ్-29లు చూపిస్తాను. 1985లో ఎవరైనా మిగ్-29 మీద పశ్చిమ జర్మనీ ఐరన్ క్రాస్ వేసి టేబుల్ మీద పెడితే నవ్వేవాళ్లం. 1990లో రెండు జర్మనీలు కలిశాయి, తూర్పు జర్మనీ దగ్గరున్న 24 మిగ్‌లు పశ్చిమ జర్మనీ వైమానిక దళం లుఫ్ట్‌వాఫె చేతికొచ్చాయి, గ్రే రంగు పూసుకుని, ఐరన్ క్రాస్ పెట్టుకుని, లాగె స్థావరం నుంచి నాటో కోసం ఎగిరాయి. తర్వాత వాటిలో 22 పోలండ్‌కు వెళ్లాయి, ఒక్కోటి ఒక్క యూరో నామమాత్రపు ధరకు. ఇరాన్ సంగతి చూడండి. షా కాలంలో 160 ఎఫ్-16లు ఆర్డరిచ్చారు, 1979 విప్లవంతో అది పోయింది, ఆ వరుసలోంచి విమానాలు ఇజ్రాయెల్‌కు అనుకున్నదానికంటే ముందే అందాయి, 1981 జూన్‌లో ఒసిరాక్ అణు రియాక్టర్ మీదకి వెళ్లింది ఆ తొలి ఎఫ్-16లే. వాటికి షా కాలపు ఇరాన్ రంగులు, అంటే రెండు రకాల గోధుమ, ఒక ఆకుపచ్చ, వేసిన మోడల్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్రిటన్ బాంబర్ టీఎస్ఆర్-2 1964 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరింది, 1965 ఏప్రిల్‌లో రద్దయింది, గాల్లోకి లేచింది ఒకే ఒక్కటి. దానికి తెల్ల రంగు వేస్తే ఆ రోజుల్లోనే ఆగిపోయినట్టు. కానీ అది నిజంగా సర్వీసులోకి వచ్చి ఉంటే? నేల మీద తక్కువ ఎత్తులో ఎగరడం మొదలయ్యాక బ్రిటిష్ బాంబర్లు తెలుపు వదిలి గ్రే, ఆకుపచ్చ వేసుకున్నాయి, రౌండెల్‌లో తెలుపు తీసేశారు, 1991 గల్ఫ్ యుద్ధంలో టోర్నడోలూ బకనీర్లూ లేత గులాబీ ఎడారి రంగులోకి మారాయి. గులాబీ టీఎస్ఆర్-2 చాలామంది కట్టారు, బాగుంటుంది. అయితే అప్పటికి ఆ విమానం వయసు పాతికేళ్లు దాటి ఉంటుంది, కాబట్టి ప్యానెళ్ల మీద అతుకులు, ఒకచోట పాత రంగు బయటపడటం, మార్చిన తలుపుల రంగు తేడా కనబడాలి.

పెయింట్ గురించి క్లుప్తంగా. దేశం మారితే రంగుల పుస్తకం మారుతుంది. అమెరికాది ఎఫ్‌ఎస్ 595, బ్రిటన్‌ది బీఎస్ 381సి, జర్మనీది రాల్. ఎఫ్‌ఎస్‌లో 36375 అనే నంబరులో మొదటి 3 మ్యాట్ అని, తర్వాతి 6 గ్రే కుటుంబమని చెబుతుంది. అమెరికా కిట్ సూచనల్లోని గ్రేని జర్మన్ విమానానికి పూసేయకండి, రాల్ నంబరు చూసి కలపండి.

డెకాల్స్ దగ్గర అసలు టెన్షన్ తెలుపు రంగుతో. ఇంట్లో ఉండే ప్రింటర్ తెలుపు వేయదు. పారదర్శకమైన షీట్ మీద రౌండెల్ ప్రింట్ చేసి ముదురు ఆకుపచ్చ మీద పెడితే ఆ ఎరుపు బురద రంగులోకి పోతుంది. అందుకే నేను తెల్ల వృత్తాన్ని ముందు మాస్క్ కోసి ఎయిర్‌బ్రష్‌తో వేసి, ఆరాక దాని మీద రంగు డెకాల్ పెడతాను. కింద మెరిసే వార్నిష్ తప్పనిసరి, గరుకు మ్యాట్ మీద నేరుగా పెడితే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది, అప్పుడు చూసేవాడి కన్ను విమానాన్ని వదిలేసి ఆ అంచు మీదే పడుతుంది. చిన్న స్టెన్సిళ్లు, అంటే విమానం మీది హెచ్చరికల రాతలు, ఏ భాషలో ఉండాలన్నది కూడా చూడండి. 1/72 స్కేలులో చదవలేం, 1/48లో, 1/32లో చదవగలం.

చివరిగా బాధ్యత గురించి, ఇది నేను గట్టిగా నమ్మే విషయం. 1986లో టెస్టర్స్ కంపెనీ ఎఫ్-19 అనే స్టెల్త్ ఫైటర్ కిట్ అమ్మింది, గుండ్రని అందమైన ఆకారం, అది నిజమనుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. 1988 నవంబర్‌లో అమెరికా అసలు ఎఫ్-117 ఫొటో బయటపెట్టినప్పుడు అది కోణాలు కోణాలుగా, ఆ బొమ్మకు సంబంధమే లేకుండా ఉంది. బాగా కట్టిన మోడల్‌ను ఎండలో, దూరంగా కొండ కనబడేలా ఫొటో తీసి పెడితే ఇప్పుడు ఒక్క పూటలో ఊరంతా తిరుగుతుంది. కాబట్టి ఆ ఫొటోలోనే, స్టాండ్ మీదే, ఊహ అని రాయండి. నాజీ జర్మనీ కాగితాల మీద మిగిలిపోయిన జెట్లు, టీఏ-183 లాంటివి, 1946లో ఎగిరినట్టు కట్టే పద్ధతి ఒకటుంది. ఆ ఇంజనీరింగ్ ఆసక్తికరమే, కాదనను. కానీ ఆ యుద్ధం మరో ఏడాది సాగి ఉంటే క్యాంపుల్లో ఎంతమంది పోయేవాళ్లో తలచుకుంటే, దాన్ని వీరగాథలా అలంకరించిన డయోరమా (మోడల్ చుట్టూ కట్టిన దృశ్యం) నాకు మింగుడుపడదు. అలాంటివి కట్టేవాళ్లను నేను అడిగేది ఒకటే, కార్డు మీద ఆ కథ మొత్తం రాయమని.

కార్డు ఎలా రాయాలో కూడా చెప్పి ముగిస్తాను. పై వరుసలో "ఊహా మోడల్" అని పెద్ద అక్షరాలతో. కింద నిజంగా జరిగింది ఒక వాక్యంలో, సంవత్సరంతో సహా. దాని కింద మీరు మార్చింది ఒక వాక్యంలో. మార్చింది చెప్పడానికి రెండు వాక్యాలు కావాల్సివస్తే మోడల్ మీద ఏదో ఒకటి తీసేయాల్సి ఉందన్నమాట, చాలాసార్లు అది మూడో మిసైలో, ముక్కు మీది షార్కు పళ్లో అయి ఉంటుంది. ఇక ప్రశ్నలడగండి. నౌకాదళ విమానాల గురించి ఎవరైనా అడిగితే ఇంకా సంతోషం, వాటి జోలికి ఇవాళ వెళ్లలేకపోయాను.