ఆండ్రోమెడా చుట్టూ గుత్తుల వేట

(అనంతపురంలో ఒక కళాశాల విద్యార్థుల ముందు నవంబరు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

గుత్తి అనగానే ఈ హాల్లో సగంమందికి కోట గుర్తొస్తుంది, తక్కిన సగంమందికి రైలు మారే జంక్షన్ గుర్తొస్తుంది. నేను మాట్లాడబోయేది ఆ గుత్తి గురించి కాదు. ద్రాక్షగుత్తి, తాళంచెవుల గుత్తి అంటామే, ఆ గుత్తి. నక్షత్రాల గుత్తి. పుస్తకాల్లో గోళాకార తారాగుచ్ఛం అని రాస్తారు. ఈ గంటసేపట్లో ఆ మాట యాభైసార్లు పలకాలంటే నాకున్న పళ్లు చాలవు. గుచ్ఛమన్నా గుత్తన్నా ఒకటే కాబట్టి గుత్తి అనే అంటాను.

లక్షల నక్షత్రాలు ఒకదాని ఆకర్షణకు ఒకటి కట్టుబడి బంతిలా గుమిగూడి ఉంటే అది గుత్తి. నడుమ చిక్కగా ఉంటుంది, అంచులకు పోయేకొద్దీ పలచబడుతుంది. చాలావాటి వయసు 1,200 కోట్ల ఏళ్ల పైమాటే. మన సూర్యుడికి 460 కోట్లు. అంటే సూర్యుడు పుట్టేనాటికే ఇవి ముసలివి. మన పాలపుంత చుట్టూ ఇలాంటివి 150కి పైగా ఉన్నాయి. వేసవిలో జ్యేష్ఠా నక్షత్రం పక్కనే, బైనాక్యులర్‌లో చూస్తే మసక మచ్చలాగా ఒకటి కనిపిస్తుంది. దాని పేరు ఎం-4.

అన్నిటికన్నా పెద్దది ఒమేగా సెంటారీ. మే నెలలో రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు ఇక్కణ్నుంచి తిన్నగా దక్షిణానికి తిరిగితే నేలకు 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఢిల్లీవాళ్లకు ఇందులో సగం ఎత్తే. ఆకాశం విషయంలో మనం వాళ్లకన్నా ధనవంతులం, ఆ సంగతి మనకే తెలీదు. సరే, చెప్పొచ్చేదేమంటే, ప్రాచీన ఖగోళవేత్త టాలెమీ దాన్ని నక్షత్రమనే రాసుకున్నాడు. 1603లో నక్షత్రపటాలు గీసిన బేయర్ కూడా నక్షత్రాలకు పెట్టినట్టే ఒమేగా అనే అక్షరం తగిలించాడు. 1677లో హ్యాలీ, తోకచుక్కకు పేరిచ్చినాయనే, సెయింట్ హెలెనా దీవినుంచి చూసి, ఇది చుక్క కాదు, మసకగా ఉంది అన్నాడు. అది గుత్తి అని తేలేసరికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. కోటి నక్షత్రాలు ఉన్నది, మనకు 17,000 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నది, కంటికి కనిపించేది. దాన్ని గుర్తుపట్టడానికే ఇన్ని శతాబ్దాలు! మరి 25 లక్షల కాంతి సంవత్సరాల అవతల, మన పాలపుంతకు పొరుగునున్న పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడా చుట్టూ తిరిగే గుత్తుల్ని ఎట్లా గుర్తుపట్టారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వజ్రకరూరు పోవాలి.

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో, అటు జొన్నగిరి, తుగ్గలి పక్క చేలల్లో జనం తలలు వంచుకుని నడవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడున్న కొందరు వంచుకునే ఉంటారు, నేనూ వంచుకున్నాను. వాన మన్నును కడిగేస్తుంది, రాయి తేలుతుంది, ఎండకు తళుక్కుమంటుంది. మెరిసిన ప్రతి రాయినీ ఏరి ఒళ్లో వేసుకుంటాం. సాయంత్రం వ్యాపారి దగ్గర ఒలికిస్తాం. ఆయన ఒక్కొక్కటే వేలితో పక్కకు నెడతాడు. ఇది గాజు. ఇది పలుగురాయి. ఇది కూడా పలుగురాయే. ఆయన చేసే పనేమిటి? వజ్రాన్ని కనిపెట్టడం కాదప్పా, వజ్రం కానిదాన్ని కనిపెట్టడం. ఖగోళశాస్త్రంలో గుత్తుల గుర్తింపు అచ్చం అట్లాంటిదే. ఏరుకురావడం ఒక నెల పని, తోసెయ్యడం జీవితకాలం పని.

మొదట ఏరినవాడు ఎడ్విన్ హబుల్. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ మీద అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన వంద అంగుళాల దూరదర్శినితో తీసిన ఫొటో పలకల్ని వెదికి, 1932లో 140 వస్తువుల జాబితా ప్రచురించాడు. నాకు ఆ వ్యాసంలో నచ్చేది దాని శీర్షికే. ‘తాత్కాలికంగా’ గుత్తులుగా గుర్తించినవి అని రాశాడు. అంతటి మనిషి, విశ్వం వ్యాకోచిస్తోందని చూపించి మూడేళ్లే అయింది, అయినా ఆ ఒక్క మాట చేర్చాడు.

ఎందుకు చేర్చాల్సి వచ్చింది? కొలత చెబుతా. గుత్తిలో బాగా వెలిగే నడిమి భాగం సుమారు ఇరవై కాంతి సంవత్సరాల వెడల్పు. దాన్ని 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో పెట్టండి. మన టవర్ క్లాక్ దగ్గర రెండున్నర సెంటీమీటర్ల బిళ్ల ఒకటి నిలబెట్టి మూడు కిలోమీటర్ల అవతలినుంచి చూస్తే ఎంత ఉంటుందో అంత. మన గాలి ఎప్పుడూ అల్లాడుతుంటుంది కదా, ఆ అల్లాటకు మామూలు నక్షత్రమే దాదాపు అంత వెడల్పుకు ఒలికిపోతుంది. అందుకని నేలమీదినుంచి తీసిన ఫొటోలో గుత్తి, చుక్క కవలపిల్లల్లా ఉంటాయి. ఒకదాని అంచు కొంచెం మెత్తగా ఉంటుంది, అంతే తేడా.

దొంగవేషాలు మూడు దిక్కులనుంచి వస్తాయి. మనకూ ఆండ్రోమెడాకూ నడుమ మన పాలపుంత నక్షత్రాలే అడ్డంగా నిలబడి ఉంటాయి. వెనకాల, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, గుండ్రటి గెలాక్సీలు మెత్తటి చుక్కల్లాగే కనిపిస్తాయి. ఇవి మహా మోసగత్తెలు. ఇక మూడోవి ఆండ్రోమెడాలోవే. వెలిగే వాయుమేఘాలు, నిన్నగాక మొన్న పుట్టిన కుర్ర గుత్తులు, ఊరికే ఒకే చూపులో పడ్డ నాలుగైదు నక్షత్రాలు. 2005 ప్రాంతంలో హవాయి దీవుల్లోని కెక్ దూరదర్శినితో, లేజరు సాయంతో గాలి వణుకును సరిచేసి చూస్తే, అంతవరకూ గుత్తులనుకున్నవి కొన్ని ఇట్లాంటి ఉత్తుత్తి గుంపులని తేలింది.

మరి వ్యాపారి భూతద్దం ఏది? ఒకటి కాదు. రంగు చూస్తారు. ముసలి గుత్తి ఎరుపు, పసుపు వైపు ఉంటుంది, కుర్రది నీలంగా ఉంటుంది. అయితే ఆండ్రోమెడా పళ్లెంలా పరుచుకుని ఉంటుంది, ఆ పళ్లెంలో ధూళి ఎక్కువ, ధూళి వెనకున్న కుర్ర గుత్తి కూడా ఎర్రబడి పెద్దరికం నటిస్తుంది. రంగొక్కటే నమ్మితే మోసపోతాం. అందుకని వేగం చూస్తారు. ఆండ్రోమెడా మన వైపుకు సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. దాని గుత్తులూ దానితోపాటే వస్తాయి. వెనకున్న గెలాక్సీలు వేలకొద్దీ కిలోమీటర్ల వేగంతో దూరంగా పోతుంటాయి. వర్ణపటం తీస్తే, అంటే వెలుతురును రంగులుగా విడగొట్టి వేగం కొలిస్తే, గెలాక్సీ వేషం అక్కడికక్కడే బయటపడుతుంది. ముందున్న నక్షత్రాలతోనే పేచీ. ఆండ్రోమెడా తిరుగుతోంది కదా, దాని ఈశాన్య భాగం ఆ తిరుగుడులో మననుంచి వెనక్కి పోతుంటుంది, కాబట్టి అక్కడి గుత్తుల రాక వేగం బాగా తగ్గి మన నక్షత్రాల వేగాలతో కలిసిపోతుంది. ఆ మూలలో వేగం కూడా సాక్ష్యం చెప్పదు. ఇప్పుడు నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం లెక్కలు అక్కరకొస్తున్నాయి. మన నక్షత్రమైతే ఏళ్ల తరబడి చూస్తే కొంచెమైనా జరుగుతుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల అవతలి గుత్తి జరిగినా మనకు తెలీదు. చివరి తీర్పు హబుల్ అంతరిక్ష దూరదర్శినిది. దాని ఫొటోలో గుత్తి అంచులు విడివిడి నక్షత్రాలుగా చిట్లుతాయి. ఆ తర్వాత వాదన లేదు.

ఇలా తేలనివాటిని ‘అభ్యర్థులు’ అంటారు. నవ్వకండి, నిజంగానే ఆ మాటే. మన దగ్గరిలాగే అక్కడా నామినేషన్లు ఎక్కువ, గెలిచేవాళ్లు తక్కువ. ఇటలీలోని బొలోన్యా ఖగోళవేత్తలు 1980లనుంచి ఈ జాబితా కడుతూ వచ్చారు, 2004లో సవరించిన ప్రతి తెచ్చారు. అందులో ప్రతి పేరు పక్కనా ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఖాయమైన గుత్తి. 2 అంటే అభ్యర్థి. 4 అంటే గెలాక్సీ, 6 అంటే నక్షత్రం. అంటే తోసేసినవాటిని కూడా జాబితాలోంచి కొట్టెయ్యలేదు! పలుగురాయికి పలుగురాయి అని చీటీ అంటించి దాచిపెట్టారు. మళ్లీ ఎవడో దాన్ని ఏరుకుని గంతులెయ్యకుండా. నన్నడిగితే ఆ జాబితాలో అన్నిటికన్నా విలువైన పేజీలు అవే.

గంతులేసినవాళ్లలో నేనొకణ్ని. నా దగ్గర ఎనిమిది అంగుళాల అద్దం దూరదర్శిని ఉంది. ఆండ్రోమెడా గుత్తుల్లో పెద్ద ప్రకాశం ఉన్న జీ-1ని ఫొటో తియ్యాలని రామగిరి వైపు ఒక మిత్రుడి చేను గట్టున మకాం పెట్టాను. గాలిమరల ఎర్రదీపాలు ఒక పక్క ఆరుతూ వెలుగుతూ ఉంటే వాటికి వీపు తిప్పి కూర్చోవాలి. జీ-1 గెలాక్సీ నడిబొడ్డుకు దగ్గరలో ఉండదు, ఐదు నిండు చందమామల్ని వరసగా పేరిస్తే ఎంతో అంత ఎడంగా ఉంటుంది. 1953లో మేయాల్, ఎగెన్ అనే ఇద్దరు పట్టేదాకా దాని జోలికి ఎవరూ పోలేదు. మన కన్ను చూడగల ఆఖరి చుక్కకన్నా అది వెయ్యి రెట్లకు పైగా మసక. ఫొటో వచ్చింది, ఒక మెత్తటి చుక్క దొరికింది, అచ్చు వేయించి గోడకు తగిలించాను. ఏడాది తర్వాత ఒక బీఎస్సీ కుర్రవాడు చూసి, “సార్, జీ-1కి అటొకటి ఇటొకటి రెండు చుక్కలు కుందేలు చెవుల్లా ఉండాల కదా, యాడుండాయి?” అన్నాడు. లేవు. నేను ఏడాదిపాటు మన పాలపుంత నక్షత్రాన్ని గోడకు తగిలించుకున్నాను. ఆ ఫొటో ఇంకా గోడమీదే ఉంది, పక్కన 6 అని అంకె వేసి పెట్టాను.

ఇంత కష్టపడి గుర్తిస్తే ఏమొచ్చింది అంటారా? ఒక పెద్ద లెక్క తప్పు దొరికింది. హబుల్ జాబితాలోని గుత్తులు మన పాలపుంత గుత్తులకన్నా నాలుగోవంతు ప్రకాశంతోనే ఉన్నట్టు లెక్క తేలుతూ వచ్చింది. ఆండ్రోమెడా గుత్తులు అంత నాసిరకమా? వాల్టర్ బాడే అనే ఖగోళవేత్త 1952లో రోములో జరిగిన ఖగోళవేత్తల సభలో తేల్చిచెప్పాడు, గుత్తులు సరిగ్గానే ఉన్నాయి, దూరమే తప్పు అని. దూరం రెట్టింపు చేస్తే, మనకు అంతే వెలుగు అందాలంటే వాటి అసలు ప్రకాశం నాలుగింతలు ఉండాలి, పేచీ తీరిపోతుంది. ఆండ్రోమెడా దూరం రెండింతలయ్యింది, దాంతోపాటు విశ్వం వయసు లెక్క 180 కోట్ల ఏళ్లనుంచి 360 కోట్లకు పెరిగింది. అంతకుముందు భూమిమీది రాళ్ల వయసు విశ్వం వయసుకన్నా ఎక్కువ వచ్చేది, తల్లికన్నా బిడ్డ పెద్దదన్నట్టు. ఈ సవరణ తర్వాత కూడా దూరాల లెక్కలు చాలా మారాయి, అది వేరే కథ.

ఇంకొక సంగతి. మన పల్లెల్లో పాటిమీది చేను అంటారు. ఒకప్పుడు ఊరుండి, కరువుకో రోగానికో పాడుబడిపోయిన చోటు. గోడలు మన్నులో కలిసిపోతాయి, ఒక పూడిన బావి, నాలుగు చింతమాన్లు మిగులుతాయి. చింతమాన్ల వరస చూసి పెద్దవాళ్లు ఊరి వీధి ఎటు పోయిందో చెప్పేస్తారు. హవాయిలోని కెనడా-ఫ్రాన్స్ దూరదర్శినితో ఆండ్రోమెడా చుట్టుపక్కలంతా జల్లెడ పట్టి, బయటి పొలిమేరల్లో 59 గుత్తులు పట్టి 2014లో ప్రచురించారు. చాలామటుకు కంటితో చూసి పట్టినవే. వాటిలో ఎన్నో ఊరికే చెల్లాచెదురుగా లేవు, మసక నక్షత్రాల పాయల వెంబడి వరసగా ఉన్నాయి. ఆ పాయలు ఆండ్రోమెడా మింగేసిన చిన్న గెలాక్సీల ఆనవాళ్లు. గెలాక్సీ చెదిరిపోయింది, చింతమాన్లు మిగిలాయి.

చివరగా పిల్లలకు. హబుల్ దూరదర్శిని 2010-13 మధ్య ఆండ్రోమెడాలో మూడోవంతు పళ్లేన్ని ఫొటోలు తీస్తే, అందులో చిన్నాపెద్దా గుత్తుల్ని ఏరింది ఎవరనుకున్నారు? ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న వేలాదిమంది మామూలు మనుషులు. ఒకే ఫొటోను ఎంతోమందికి చూపించి, ఎక్కువమంది ఏది అంటే దానికి విలువ ఇచ్చారు. 2,753 గుత్తులు తేలాయి, వాటితోపాటు 2,270 వెనకటి గెలాక్సీలు కూడా. చూశారా, ఇక్కడా పలుగురాళ్ల లెక్క రాశారు.

ఇప్పుడు మేడమీదికి పోదాం. తొమ్మిదిన్నరకు ఆండ్రోమెడా ఉత్తరం వైపు బాగా పైకి వస్తుంది. ఉత్తరాభాద్ర చుక్కనుంచి ఈశాన్యంగా రెండు చుక్కలు లెక్కపెట్టి, అక్కడ ఎడమకు తిరిగి మళ్లీ రెండు చిన్న చుక్కలు ఎక్కితే పొగలాంటి మచ్చ కనిపిస్తుంది. జీ-1 కనబడదు, ఈ ఊరి వెలుతురులో నా దూరదర్శినికి అది అందదు. అడగొద్దు. ఫోన్లు జేబులో పెట్టుకోండి, మెట్లమీద టార్చి నేల వైపే పట్టండి.