దొంగనోటు అని తెలిసిన ఆ క్షణం
(వ్యాపారుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు క్యాషియర్ ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, పెద్దలకూ, మిత్రులకూ నమస్కారాలు. నేరుగా విషయంలోకి వస్తాను.

క్యాష్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో పదేపదే విన్న మాట ఒకటుంది. ‘ఆ నోటు ఇటిచ్చేయండి సార్, ఎక్కడోచోట మార్చేసుకుంటా.’ నోటు దొంగదని చెప్పీ చెప్పగానే అనేవారు. అన్నవాళ్లు నేరస్తులు కారు, మర్యాదస్తులే. ఐదొందలు పోతున్నాయన్న బాధ అలా అనిపిస్తుంది. కానీ ఆ క్షణం దాకా మీరు మోసపోయినవారు. తెలిసి ఇంకొకరికి అంటగట్టారా, చట్టం దృష్టిలో మీరే ముద్దాయి.

భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ చూడండి. దొంగనోటని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ చలామణి చేస్తే యావజ్జీవం, లేదా పదేళ్ల వరకు జైలు, పైగా జరిమానా. నోట్లు అచ్చువేసినవాడికి 178 కింద పడేదీ ఇదే శిక్ష! ఒక్క నోటే కదా అంటారేమో, ఇన్ని నోట్లుంటేనే నేరమని సెక్షన్లో లేదు. చలామణి చేద్దామని తెలిసే దగ్గర పెట్టుకున్నా 180 కింద ఏడేళ్ల దాకా పడొచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లో ఒక విద్యార్థి మామిడిపళ్లు కొనడానికి వంద నోటిచ్చాడు. అది దొంగనోటు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టులోనూ ఊరట దొరకలేదు. దొంగనోటని అతనికి తెలుసని రుజువు కాలేదంటూ 2001లో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. ఆ మాట అనిపించుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. మీ గల్లాపెట్టె దగ్గర కూర్చునే కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పారా? ఈ రాత్రే చెప్పండి.

నోటు బ్యాంకుకే తెండి. డబ్బు మాత్రం తిరిగి రాదు, ఆ మాట దాచను. పోలీసులంటే టెన్షన్ వద్దు. ఒకే లావాదేవీలో నాలుగు దాకా వస్తే బ్యాంకు నెలాఖరున పోలీసులకు నివేదిక పంపుతుంది. ఐదూ అంతకు మించితేనే వెంటనే ఎఫ్‌ఐఆర్.

ఇక నా అసలు బాధ. కొందరు క్యాషియర్లు గొడవెందుకని నోటును చడీచప్పుడు లేకుండా వెనక్కి తోసేస్తారు. అది తప్పు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం నోటు మీద ‘కౌంటర్‌ఫీట్ నోట్’ అని ముద్ర కొట్టి స్వాధీనం చేసుకోవాలి, తిరిగి ఇవ్వకూడదు. మీకు రసీదు ఇవ్వాలి. దానిమీద క్యాషియర్ సంతకం, మీ సంతకం ఉంటాయి. మీరు సంతకం పెట్టనన్నా సరే, రసీదు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి, మేనేజర్‌ని పిలిపించండి.